చదరంగపు ఇంజన్ల పరీక్ష

చదరంగపు ఇంజన్ల పరీక్ష అనగా చదరంగం ఆడే కంప్యూటర్ ప్రోగ్రాములో చేసిన ఒక మార్పు వలన దాని బలం పెరిగిందా, తగ్గిందా, యథాతథంగా ఉందా అని తేల్చే పద్ధతి. ఇందుకోసం పాత ప్రోగ్రామును, మార్చిన ప్రోగ్రామును ఒకదానితో ఒకటి వేల ఆటలు ఆడిస్తారు. ఒక్కొక్క ఆట అర నిమిషం అటూ ఇటూగా ముగుస్తుంది. పరీక్షలో నెగ్గిన మార్పును ఉంచుకొని తక్కినవాటిని విడిచిపెడతారు. ప్రోగ్రాములోని అంకెలను ఆటల ఫలితాలను బట్టి సరిదిద్దడాన్ని సవరణ లేదా ట్యూనింగ్ అంటారు.

గుంటూరులో జన్మించిన పెంటల హరికృష్ణ, ద్రోణవల్లి హారిక, గుడివాడలో జన్మించిన కోనేరు హంపి వంటి గ్రాండ్‌మాస్టర్ల ఆటలను ఇంటర్నెట్‌లో చూసేవారికి బల్ల పక్కన "+0.7" వంటి ఒక అంకె కనబడుతుంది. తెల్ల పావుల పరిస్థితి ముప్పాతిక బంటు మేరకు మెరుగుగా ఉన్నదని దాని స్థూలార్థం. ఆ అంకెను చెప్పేది ఇంజనే. ప్రేక్షకులు, వ్యాఖ్యాతలు, ఆటగాళ్ళు కూడా దానిని దాదాపు తీర్పుగానే స్వీకరిస్తున్నారు. ఆ నమ్మకానికి ఆధారం ఈ వ్యాసంలో వివరించిన పరీక్షలే.

ఇంజన్ నిర్మాణం

ఇంజన్‌లో ప్రధానంగా రెండు భాగాలుంటాయి. మొదటిది అన్వేషణ: నేను ఈ ఎత్తు వేస్తే ఎదుటివాడు ఏమి వేస్తాడు, దానికి నేనేమి వేస్తాను అని కొన్ని అంచెల లోతు వరకు చూడడం. రెండవది మూల్యాంకనం: ఆ లోతున ఏర్పడిన స్థితికి విలువ కట్టడం. బంటుకు 1, గుర్రానికి 3, శకటుకు 3, ఏనుగుకు 5, మంత్రికి 9 అని చదరంగం నేర్చుకొనే పిల్లలకు చెప్పే లెక్కతోనే పాత ఇంజన్లు కూడా మొదలయ్యాయి. కాని రెండు శకట్లూ మిగిలి ఉంటే అదనంగా ఎంత కలపాలి? రాజు ముందు బంటు జరిగితే ఎంత తీసివేయాలి? పావు వంతు బంటా, అర బంటా? గొప్ప ఆటగాడైనా దీనికి కచ్చితమైన జవాబు చెప్పలేడు. అతనికి తెలిసినది అనుభవం, ఇంజన్‌కు కావలసినది అంకె.

2020 ఆగస్టులో స్టాక్‌ఫిష్ అనే ఇంజన్ న్యూరల్ నెట్‌వర్క్‌ను చేర్చుకొంది. 2018లో జపాను చదరంగమైన షోగీ కోసం యు నాసు రూపొందించిన పద్ధతి దీనికి మూలం. దానితో చేతితో వ్రాసిన మూల్యాంకనపు అంకెల ప్రాధాన్యం క్రమంగా పోయింది. అయినా అన్వేషణలో ఏ ఎత్తును లోతుగా చూడాలి, దేనిని పైపైన చూసి వదలాలి అని నిర్ణయించే అంకెలు ఎన్నో ఉన్నాయి. కాబట్టి పరీక్షల అవసరం తగ్గలేదు.

కొద్ది ఆటలు ఎందుకు చాలవు

ఒక ప్రోగ్రామర్ తన ఇంజన్‌లో ఒక మార్పు చేసి, పాతదానితో 100 ఆటలు ఆడించాడనుకొందాం. కొత్తది 22 గెలిచి, 18 ఓడి, 60 డ్రా చేసింది. గెలుపుకు ఒకటి, డ్రాకు అర చొప్పున కొత్తదానికి 52 పాయింట్లు వచ్చాయి. ఎలో రేటింగు లెక్కలో ఇది సుమారు 14 పాయింట్ల ఆధిక్యం. సంతోషించవచ్చునా?

డ్రాలను పక్కన పెడితే మిగిలినవి 40 ఆటలు. ఒక రూపాయి నాణేన్ని 40 సార్లు ఎగురవేసి, బొమ్మ 22 సార్లు పడిందని ఆ నాణెంలో దోషమున్నదని ఎవరూ అనరు. రెండు ఇంజన్లూ సరిసమానమే అయినప్పటికీ, తేలిన 40 ఆటలలో కొత్తది 22 లేదా అంతకన్న ఎక్కువ గెలిచే అవకాశం దాదాపు మూడింట ఒక వంతు. అంటే ఏ ప్రయోజనమూ లేని మార్పులు మూడు చేస్తే వాటిలో ఒకటి ఇటువంటి "విజయం" సాధించినట్లు కనిపిస్తుంది. చెడ్డ మార్పు కూడా అదృష్టం కలిసివస్తే ఇలాగే నెగ్గుతుంది. వెనుకటి కాలంలో ఎందరో అభిరుచి గల ప్రోగ్రామర్లు యాభై, నూరు ఆటలు చూసి నిర్ణయాలు తీసుకొనేవారు. వారి ఇంజన్లు కొంత కాలం తరువాత ఎదుగుదల లేక నిలిచిపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం.

ఆటలు పెరిగేకొద్దీ అనిశ్చితి తగ్గుతుంది, కాని మెల్లగా తగ్గుతుంది. అరవై శాతం ఆటలు డ్రా అవుతాయనుకొంటే, 100 ఆటల తరువాత ఫలితంలో అటూ ఇటూ 43 ఎలో పాయింట్ల వరకు తేడా ఉండవచ్చు. 1,000 ఆటలకు అది 14 పాయింట్లు, 10,000 ఆటలకు సుమారు 4 పాయింట్లు, 40,000 ఆటలకు 2 పాయింట్లకు కొంచెం పైన. అనిశ్చితిని సగం చేయాలంటే ఆటలను నాలుగు రెట్లు చేయాలి. నేటి బలమైన ఇంజన్‌లో ఒక మంచి ఆలోచన వలన కలిగే లాభం ఒకటి రెండు పాయింట్లకు మించడం అరుదు. దానిని నూరు ఆటలలో చూడబోవడం బస్తాల కాటాపై బంగారం తూచడం వంటిది.

వేగం ఎందుకు

టోర్నమెంటు ఆట ఒకటి నాలుగు గంటలు సాగుతుందనుకొంటే, 40,000 ఆటలకు ఒక కంప్యూటర్ విరామం లేకుండా ఆడినా 18 ఏళ్ళు పడుతుంది. అదే ఒక్కొక్క పక్షానికి 10 సెకన్లు, ప్రతి ఎత్తుకు అదనంగా సెకనులో పదవ వంతు ఇస్తే ఆట సుమారు అర నిమిషంలో ముగుస్తుంది. ప్రాసెసర్‌లోని ఒక కోర్ రోజుకు 2,880 ఆటలు ఆడగలదు. నాలుగు కోర్లపై నాలుగు ఆటలు ఏకకాలంలో నడిపితే 40,000 ఆటలు మూడున్నర రోజుల పని.

అయితే వేగంగా ఆడినప్పుడు పనికివచ్చినది నిదానంగా ఆడినప్పుడూ పనికివస్తుందా? ఇది న్యాయమైన ప్రశ్న, దీనికి పూర్తి జవాబు లేదు. బెల్ ల్యాబ్స్‌కు చెందిన కెన్ థాంప్సన్ 1980ల ఆరంభంలో తన "బెల్" యంత్రాన్ని వేర్వేరు లోతులలో దానితోనే ఆడించి, ఒక అంచె లోతు పెరిగితే సుమారు 200 పాయింట్ల బలం పెరుగుతున్నట్లు చూపాడు. మరింత లోతుకు పోయేకొద్దీ ఆ లాభం తగ్గుతుంది. మార్పుల విషయంలోనూ అంతే. కొన్ని మార్పుల లాభం ఎక్కువ సమయమిస్తే కరిగిపోతుంది, కొన్నింటిది పెరుగుతుంది. అందుచేత రెండు దశల పద్ధతి వాడుకలోకి వచ్చింది. మొదట 10 సెకన్ల ఆటలతో జల్లెడ పడతారు. అందులో నిలిచిన మార్పులను 60 సెకన్ల ఆటలతో మళ్ళీ పరీక్షిస్తారు. చాలా మార్పులు మొదటి జల్లెడలోనే రాలిపోతాయి. మిగిలిన కొద్దిపాటివాటిపైనే ఖరీదైన సమయం ఖర్చవుతుంది.

జత ఆటలు

ఇంజన్లను ప్రతిసారీ మొదటి ఎత్తు నుండి ఆడిస్తే దాదాపు అవే ఆటలు పునరావృతమవుతాయి. కాబట్టి ప్రారంభపు ఎత్తులు కొన్ని ముందే ఆడేసిన వేల స్థితులతో ఒక సంపుటి తయారు చేసుకొంటారు. దీనినే ఓపెనింగ్ బుక్ అంటారు. ఒక్కొక్క స్థితి నుండి రెండు ఆటలు జరుగుతాయి: ఒకసారి కొత్త ఇంజన్ తెల్ల పావులతో, మరొకసారి అదే స్థితిలో నల్ల పావులతో.

ఈ సూత్రం బాపట్ల ప్రాంతపు పాఠకులకు కొత్తదేమీ కాదు. 1945లో స్థాపించిన వ్యవసాయ కళాశాల, 1986లో విడుదలైన సాంబమసూరి అనే బీపీటీ 5204 వరి వంగడం ఆ ఊరికి పేరు తెచ్చాయి. బీపీటీ అన్న అక్షరాలు బాపట్లను సూచించేవే. కొత్త వంగడాన్ని పాతదానితో పోల్చవలసి వస్తే ఒకదానిని సారవంతమైన చేలోను, మరొకదానిని చౌడు నేలలోను వేసి దిగుబడులు చూడరు. ఒకే చేలో పక్కపక్క మడులలో, ఒకే నీరు, ఒకే ఎరువు పెట్టి చూస్తారు. చదరంగంలో ప్రారంభ స్థితి నేల వంటిది. ఒక స్థితి తెల్లకు ఎంత అనుకూలమైనా ఇద్దరికీ ఒక్కొక్కసారి తెల్ల వస్తుంది కనుక పక్షపాతం పోతుంది. లెక్కలో కూడా విడి ఆటను కాక జతను ఒక యూనిట్‌గా తీసుకొంటే అనిశ్చితి తగ్గుతుంది. జతకు రాగల ఫలితాలు ఐదు: 0, అర, 1, ఒకటిన్నర, 2.

మరొక చిక్కు డ్రాలు. నేటి ఇంజన్లు సమాన స్థితి నుండి ఆడితే అత్యధిక భాగం ఆటలు డ్రాగా ముగుస్తాయి. డ్రా నుండి ఎవరు మేలో తెలియదు. అందువలన కావాలనే ఒక పక్షానికి మొగ్గు ఉన్న, గెలుపుకు డ్రాకు మధ్య ఊగిసలాడే స్థితులను ఎంచుకొంటున్నారు. బలమైన ఇంజన్ ఆ మొగ్గును గెలుపుగా మార్చుకొంటుంది, తిరగవేసినప్పుడు డ్రాతో గట్టెక్కుతుంది. మనుషుల పోటీలో ఇటువంటి ఏర్పాటును ఎవరూ ఒప్పుకోరేమో గాని పరీక్షకు మాత్రం ఇదే ఉత్తమం.

ఎప్పుడు ఆపాలి

ఆటలు నడుస్తూండగా మాటిమాటికీ స్కోరు చూసి, కొత్తది ముందున్న క్షణంలో పరీక్షను ఆపివేయడం అందరికీ కలిగే ప్రలోభం. ఇలా చేస్తే పనికిరాని మార్పు కూడా ఎప్పుడో ఒకప్పుడు నెగ్గినట్లు కనిపిస్తుంది. పోనీ ముందే 40,000 అని నిర్ణయించుకొని కూర్చుంటే, మొదటి రెండు వేల ఆటలలోనే ఘోరంగా ఓడుతున్న మార్పుపై కూడా మిగిలిన సమయమంతా వృథా అవుతుంది.

ఈ రెండింటికీ పరిష్కారం రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో దొరికింది. సైనిక సామగ్రి తనిఖీలో ఎన్ని నమూనాలు చూస్తే చాలు అన్న సమస్యపై అమెరికాలో పనిచేస్తూ అబ్రహాం వాల్డ్ వరుస సంభావ్యతా నిష్పత్తి పరీక్షను రూపొందించాడు. 1947లో దానిపై ఆయన గ్రంథం వెలువడింది. భారతదేశ పర్యటనకు వచ్చిన వాల్డ్ 1950 డిసెంబరులో నీలగిరి కొండలలో జరిగిన విమాన ప్రమాదంలో మరణించాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన తెలుగు గణాంక శాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావు కూడా వరుస పరీక్షలపై 1950లో "సంఖ్య" పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు.

ఈ పద్ధతిలో రెండు ప్రతిపాదనలుంటాయి: "మార్పు వలన లాభం లేదు" అన్నది ఒకటి, "కనీసం 2 పాయింట్ల లాభమున్నది" అన్నది రెండవది. ప్రతి ఫలితం తరువాత, ఇంతవరకు వచ్చిన ఫలితాలు ఏ ప్రతిపాదనకు ఎంత ఎక్కువగా అనుకూలిస్తున్నాయో లెక్కించి ఆ నిష్పత్తి సంవర్గమానాన్ని చూస్తారు. పొరపాటుకు ఇరువైపులా 5 శాతం అవకాశమిస్తే, ఆ విలువ 2.94 దాటినప్పుడు మార్పును అంగీకరిస్తారు, ఋణ 2.94 కన్న దిగినప్పుడు తిరస్కరిస్తారు. మధ్యలో ఉన్నంతవరకు ఆటలు సాగుతూనే ఉంటాయి. స్పష్టంగా చెడ్డదైన మార్పు త్వరగా తేలిపోతుంది. ఒక పాయింటు దగ్గర తచ్చాడే మార్పు లక్ష ఆటలైనా తేలకపోవచ్చు.

సవరణ

ప్రోగ్రామును దాని ప్రతిరూపంతోనే ఆడించి సరిదిద్దడం చదరంగం కన్న ముందు చెకర్స్ ఆటలో జరిగింది. ఐబీఎంలో ఆర్థర్ శామ్యూల్ 1959లో ప్రచురించిన వ్యాసంలో ఆల్ఫా, బీటా అనే రెండు ప్రతులున్నాయి. ఆల్ఫా ఆడుతూ తన అంకెలను మార్చుకొంటుంది, బీటా మారదు. ఆల్ఫా నెగ్గితే దాని అంకెలు బీటాకు సంక్రమిస్తాయి. 1980ల చివర కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో తయారైన "డీప్ థాట్" వారు వేరే దారి పట్టి, తొమ్మిది వందల మాస్టర్ల ఆటలతో పోల్చుకొంటూ మూల్యాంకనాన్ని సరిదిద్దారు.

యాభై అంకెలను ఒక్కొక్కటిగా కదిపి పరీక్షించడం అసాధ్యం. జేమ్స్ స్పాల్ పద్ధతిలో అన్ని అంకెలనూ ఒకేసారి యాదృచ్ఛికంగా కొంచెం పైకో కిందికో జరుపుతారు. సరిగ్గా దానికి వ్యతిరేక దిశలో జరిపిన మరొక ఇంజన్‌ను తయారు చేసి రెండింటినీ ఒక జత ఆడిస్తారు. నెగ్గిన వైపు అన్ని అంకెలూ రవంత జరుగుతాయి. ఒక జత ఫలితంలో అదృష్టమే ఎక్కువ, కాని వేల జతల తరువాత అదృష్టం అటూ ఇటూ కొట్టివేయబడి సరైన దిశ మిగులుతుంది. ఇలా దొరికిన అంకెలను కూడా మళ్ళీ మామూలు పరీక్షకు పెట్టి తీరాలి.

ఫిష్‌టెస్ట్

నార్వేకు చెందిన టోర్డ్ రోమ్‌స్టాడ్ వ్రాసిన గ్లౌరంగ్ ఆధారంగా ఇటలీకి చెందిన మార్కో కోస్టాల్బా 2008లో స్టాక్‌ఫిష్‌ను ప్రారంభించాడు. 2013లో గ్యారీ లిన్స్‌కాట్ దీనికోసం ఫిష్‌టెస్ట్ అనే వ్యవస్థను నెలకొల్పాడు. ఎవరైనా ఒక మార్పును ప్రతిపాదించవచ్చు. స్వచ్ఛందంగా తమ కంప్యూటర్లను ఇచ్చినవారి యంత్రాలపై ఆటలు జరుగుతాయి. ఇప్పటివరకు జరిగిన ఆటలు వందల కోట్లు. పేరున్న ఆటగాడు సూచించినా, పేరు తెలియని విద్యార్థి సూచించినా మార్పు దాటవలసిన గీత ఒకటే.

తెనాలిలో ఒక కొత్త కంప్యూటర్, రేపల్లెలో పదేళ్ళ నాటి కంప్యూటర్ ఒకే పరీక్షలో పాల్గొన్నాయనుకొందాం. రెండింటికీ 10 సెకన్లే ఇస్తే పాతది తక్కువ లోతు చూస్తుంది. అందుకని మొదట ప్రతి యంత్రపు వేగాన్ని కొలిచి, నెమ్మదైనదానికి తగినట్లు గడియారాన్ని పొడిగిస్తారు. మధ్యలో కరెంటు పోతే మిగిలిన ఆటలు మరొకరి యంత్రానికి వెళతాయి.

ఇంటి వద్ద స్వంత ఇంజన్‌ను పరీక్షించేవారికి క్యూట్‌చెస్, ఫాస్ట్‌చెస్ అనే ఉచిత ప్రోగ్రాములున్నాయి. ఆటలు నడుస్తున్నప్పుడు అదే కంప్యూటర్‌లో సినిమా చూడడం, ఉన్న కోర్ల కన్న ఎక్కువ ఆటలు ఒకేసారి నడపడం తగదు. వేసవిలో వేడెక్కిన ల్యాప్‌టాప్ తన వేగాన్ని తానే తగ్గించుకొంటుందని కూడా గుర్తుంచుకోవాలి. సమయం మించి ఓడిన ఆటలు ఎన్ని ఉన్నాయో మొదటే చూసుకొని, అవి అధికంగా ఉంటే ఆ పరీక్షను మొత్తంగా పారవేయడం మంచిది. తన పాత ప్రతిపై 20 పాయింట్లు సంపాదించిన ఇంజన్ ఇతర ఇంజన్లపై సాధారణంగా అంతకన్న తక్కువే సంపాదిస్తుంది. కనుక అప్పుడప్పుడు ఏడెనిమిది ఇతర ఇంజన్లతో కూడా ఆడించి చూస్తారు.