చిరునామా తప్పితే సమాచారం చేరదు

రెండు యంత్రాలకు ఒకే నంబరు.. దరఖాస్తులకు ఆటంకం

ప్రవేశాల గడువు ముగిసే వేళ ధ్రువీకరణ పత్రాల కోసం విద్యార్థులు గ్రామీణ కంప్యూటర్ కేంద్రాల ముందు బారులు తీరుతుంటారు. దరఖాస్తు సగంలో ఆగిపోతే ‘నెట్ లేదు, రేపు రండి’ అన్న సమాధానం ఎదురవుతుంది. ప్రతిసారీ తీగ తెగడమే ఇందుకు కారణం కానక్కరలేదు. గదిలోని రెండు యంత్రాలకు ఒకే చిరునామా ఉన్నా ఇదే పరిస్థితి తలెత్తుతుంది.

రెండు చిరునామాలు

నెట్‌వర్క్‌లోని ప్రతి యంత్రానికి రెండు చిరునామాలు ఉంటాయి. మొదటిది తయారీదారు ఇచ్చే 48 బిట్ల మ్యాక్ చిరునామా. ఇది మనిషి పేరు వంటిది. రెండోది ఐపీ చిరునామా. ఇది ఇంటి నంబరు, పిన్‌కోడ్ వంటిది. చోటు మారితే మారుతుంది. తపాలా శాఖ పిన్‌కోడ్ చూసి ఉత్తరాన్ని ఊరికి పంపినట్లే, రౌటర్లు ఐపీ చిరునామాలోని ముందు భాగాన్ని బట్టి సమాచారాన్ని దారి మళ్లిస్తాయి.

ప్రయాణం ఇలా..

దరఖాస్తులోని సమాచారం చిన్న చిన్న ప్యాకెట్లుగా విడిపోతుంది. ఒక్కొక్కటి సాధారణంగా 1,500 బైట్లకు మించదు. ప్రతి ప్యాకెట్‌పై పంపినవారి, అందుకోవలసినవారి ఐపీ చిరునామాలు ఉంటాయి. గమ్యం బయట ఉంటే కంప్యూటర్ దానిని రౌటర్‌కు అప్పగిస్తుంది. గదిలోనే ఉంటే ‘ఈ ఐపీ ఎవరిది?’ అని అన్ని యంత్రాలనూ అడుగుతుంది. ఆ నంబరు గల యంత్రం తన మ్యాక్ చిరునామాను తెలుపుతుంది. 1982లో రూపొందిన ఈ పద్ధతిని ఏఆర్‌పీ అంటారు.

చిక్కు ఇక్కడే

రౌటర్ సాధారణంగా నంబర్లను తానే పంచుతుంది. ప్రింటర్‌కు ఎవరైనా చేతితో 192.168.1.10 అని నంబరు ఇచ్చి ఉండవచ్చు. ప్రింటర్ ఆపి ఉన్న సమయంలో రౌటర్ అదే నంబరును కంప్యూటర్‌కు ఇస్తే, తరువాత రెండూ ‘నాదే’ అని బదులిస్తాయి. దరఖాస్తుకు రావలసిన జవాబు ఒకసారి కంప్యూటర్‌కు, మరోసారి ప్రింటర్‌కు చేరుతుంది. పని మధ్యలో నిలిచిపోతుంది.

ఇవే నంబర్లు పక్క ఊరి కేంద్రంలో ఉన్నా ఇబ్బంది లేదు. 1981 నాటి ఐపీ విధానంలో చిరునామాలు సుమారు 429 కోట్లు మాత్రమే. కొరతను తట్టుకునేందుకు కొన్ని నంబర్లను లోపలి వాడకానికే కేటాయించారు. అవి బయటకు వెళ్లవు. రౌటర్ వాటి స్థానంలో బయటి చిరునామాను చేరుస్తుంది. అంతర్జాతీయ నిల్వలోని చివరి వాటాలు 2011 ఫిబ్రవరి 3న పంపిణీ కావడం గమనార్హం. కొత్తదైన ఐపీవీ6లో చిరునామా పొడవు 128 బిట్లు కావడంతో కొరత ప్రశ్న తలెత్తదు.

ఏం చేయాలి?

నిర్వాహకులు కంప్యూటర్లను ‘ఆటోమేటిక్’ అమరికలో ఉంచాలి. ప్రింటర్ వంటి వాటికి స్థిర నంబరు తప్పనిసరైతే, రౌటర్ పంచే వరుసకు వెలుపలి నంబరు ఇచ్చి పుస్తకంలో రాసుకోవాలి. తెరపై ‘ఐపీ కాన్‌ఫ్లిక్ట్’ అని కనిపిస్తే అనుమానిత యంత్రాన్ని విడదీసి చూడాలి. రుసుము చెల్లించాక దరఖాస్తు ఆగితే వెంటనే మళ్లీ చెల్లించరాదు. సొమ్ము జమ అయినదీ లేనిదీ ముందు సరిచూసుకోవడం దరఖాస్తుదారులకు శ్రేయస్కరం.