అడ్డపొగ

"మేష్టారూ, సావనీరుకి క్యాన్సర్ మీద ఏదైనా రాయండి, అందరికీ పనికొచ్చేలా" అన్నాడు విద్యార్థి సంఘం కార్యదర్శి. నేను వైద్యుణ్ణి కాను, జంతుశాస్త్రం పాఠాలు చెప్పుకునేవాణ్ణి. అన్ని క్యాన్సర్ల గురించీ రాయడం నా చేత కాదు. మా ఇంట్లో చూసిన ఒక్కదాని గురించి రాస్తాను.

మాది శ్రీకాకుళం జిల్లా. అక్కడ అడ్డపొగ అంటే చెప్పక్కర్లేదు గాని, తెలియని వాళ్లూ ఉంటారు కదా. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని, పెదాలు మూసి పొగ పీల్చడం అన్నమాట. గాలికి ఆరదు, నుసి చీరమీద పడదు, చుట్ట చాలాసేపు వస్తుంది అని చెబుతారు. అందుకే కాబోలు మగవాళ్ల కంటే ఆడవాళ్లకే ఈ అలవాటు ఎక్కువ.

మామూలుగా మన దేశంలో నోటి క్యాన్సర్ బుగ్గ లోపలా, నాలుక మీదా ఎక్కువ, అంగిట్లో తక్కువ. మా వైపు మాత్రం అంగిట్లో వస్తుంది. నిప్పు సెగా, పొగాకు విషమూ రెండూ సరాసరి తగిలేది అక్కడే మరి. ఈ సంగతి మన కోస్తా డాక్టర్లు 1957లోనే వైద్యపత్రికకెక్కించారు. తరవాత డెన్మార్క్ నుంచి పిండ్‌బోర్గ్ అనే ఆయనా, బొంబాయి పరిశోధకులూ కలిసి మా జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్లు చూసి, 1971లో ఆ వివరాలు ప్రచురించారు. నూటికి నలభై మందికి పైగా అడ్డపొగ తాగేవాళ్లే.

మా మామ్మ అందులో ఉందో లేదో తెలీదు. నేను ఇంటర్ చదువుతున్నప్పుడు, 1988లో, ఆవిడ అంగిట్లో తెల్లటి మచ్చ, దాని మధ్య ఎర్రగా చిన్న పుండు కనిపించాయి. "నొప్పి లేదురా గుంటా, ఏటీ అవదు. నలభై ఏళ్లబట్టి కాలుస్తన్నాను" అంది. ఊళ్లో వైద్యం చేసే ఆయన నోటిపూత అని బి-కాంప్లెక్సు మాత్రలిచ్చాడు. ఎనిమిది నెలలు మింగింది. ఆ నొప్పి లేకపోవడమే మమ్మల్ని ముంచింది. మొదట్లో ఇది నొప్పి పెట్టదు. నొప్పి వచ్చేసరికి లోపల చాలాదూరం పోయి ఉంటుంది. పట్నం తీసుకెళ్తే ముక్క తీసి పరీక్ష చేసి, అంగిట్లో ఎముకతో సహా కోసేశారు. తరవాత గంజి తాగితే ముక్కులోంచి వచ్చేసేది. ఏడాదిన్నర బతికింది.

అదే ఇంట్లో మా చిన్నమామ్మ ఉండేది. ఆవిడదీ అడ్డపొగే. మామ్మ ఆపరేషన్ అయ్యాక ఈవిడ నోరు కూడా చూపించాం. అంగిలంతా పాలిపోయి, దాని మీద ఎర్రటి చుక్కలు. ఇంకా క్యాన్సర్ కాదు, చుట్ట మానెయ్యమన్నారు. మానడానికి ఎంత ఏడిచిందో! మూడు నెలలు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. కాని ఏడాది తిరిగేసరికి ఆ తెలుపు చాలావరకు పోయింది. ఆరునెలలకోసారి చూపిస్తూ వచ్చాం.

ఇద్దరికీ తేడా ఒకరి నోట్లోకి సమయానికి ఎవరో చూశారు, ఇంకొకరి నోట్లోకి చూడలేదు, అంతే. ఇది మా ఇంటి మాటే కాదు. తిరువనంతపురం జిల్లాలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి వెలుతుర్లో నోళ్లు చూశారు. అలా చూసిన ప్రాంతాల్లో, పొగాకు, మద్యం అలవాటున్న వాళ్లలో నోటి క్యాన్సర్ చావులు మూడోవంతు తగ్గాయని 2005లో తేలింది. పెద్ద యంత్రాలేమీ వాడలేదు.

హాస్టల్లో గుట్కా, ఖైనీ దవడన పెట్టుకునే కుర్రాళ్లు ఇది ముసలమ్మల జబ్బు అనుకోవద్దు. మీకు అంగిట్లో కాకపోతే బుగ్గలో వస్తుంది. నోరు మునుపటిలా తెరుచుకోకపోవడం, కారం అస్సలు తట్టుకోలేకపోవడం ముందుగా కనిపించే గుర్తులు. రెండు వారాలు దాటినా మానని పుండు, గీకినా పోని తెల్లమచ్చ, ఎర్రమచ్చ, మెడలో గడ్డ, ఊరికే కదిలే పన్ను, వీటిలో ఏదున్నా పంటి డాక్టరుకి చూపించాలి. ముప్పై దాటినవాళ్లకి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఊరికే చేస్తారు. మీ అమ్మగార్లకి చెప్పండి.

సంక్రాంతికి ఇళ్లకి వెళ్తారు కదా, చిన్న టార్చిలైటు పట్టుకెళ్లండి. చుట్ట తాగే మామ్మ ఉంటే పగటిపూట వాకిట్లో కూర్చోబెట్టి, తల వెనక్కి వంచి అంగిలి చూడండి. క్యాన్సర్ అంటే నోరు తెరవదు. పన్ను చూస్తానని చెప్పండి. చిన్నమామ్మకి నేను అలాగే చెప్పాను.