పెద్ద నమూనా హెలికాప్టరు: భాగములను ఎన్నుకొనుట ఎట్లు?

తరగతి గదిలో మన తలపై తిరుగు సీలింగు ఫ్యానును ఒకసారి చూడుడు. దాని రెక్కలు కొంచెము వాలుగా నుండుటచేత గాలిని క్రిందికి నెట్టుచున్నవి. న్యూటను మూడవ నియమము ప్రకారము గాలి కూడ ఫ్యానును పైకి నెట్టుచున్నది. కాని ఫ్యాను బరువు ఆ బలముకంటె ఎక్కువ; అందుచేత అది కొక్కెమునకు వ్రేలాడుచునే యున్నది. రెక్కలను పొడవు చేసి, యంత్రమును తేలిక చేసి, వేగముగా త్రిప్పినచో ఎప్పుడో ఒకప్పుడు అది కొక్కెమును విడిచి పైకి లేచును. హెలికాప్టరు అనగా ఇంతే.

ఇంతే యని చెప్పుట సులభము. చేసి చూపుట కష్టము. ఇగోర్ సికోర్‌స్కీ 1939లో అమెరికాలో తన వి.ఎస్.-300 హెలికాప్టరును తొలిసారి నేలనుండి లేపినపుడు దానిని త్రాళ్ళతో కట్టి ఉంచవలసి వచ్చినది. రేడియోతో నడుపు నమూనా హెలికాప్టరు నమ్మకముగా ఎగురుటకు మరి ముప్పది ఏండ్లు పట్టినది. 1970 ప్రాంతమున జర్మనీలో డీటర్ ష్లూటర్ దానిని సాధించెను. 1987లో జపానులోని యమహా సంస్థ 20 కిలోల బరువు మోసి పొలములపై మందు చల్లగల ఆర్-50 అను మానవరహిత హెలికాప్టరును వెలువరించినది.

కర్నూలు ప్రాంతమునకు ఇట్టి యంత్రములు ఇప్పుడు క్రొత్త కాదు. 2025 జూలైలో రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థవారు కర్నూలునందలి తమ పరీక్షా క్షేత్రములో డ్రోనునుండి క్షిపణిని ప్రయోగించి పరీక్షించిరి. ఇట్టి వార్తలు చదివిన మా పత్తికొండ విద్యార్థులు, “సార్, బొమ్మ హెలికాప్టరు అంగళ్ళలో దొరుకుతుంది గదా, దానినే పెద్దదిగా కట్టలేమా?” అని అడుగుచుందురు. కట్టవచ్చును. కాని పెద్ద హెలికాప్టరు పెంచిన చిన్న హెలికాప్టరు కాదు. అది ఎందుకో తెలిసినవాడే భాగములను సరిగా ఎన్నుకొనగలడు.

చిన్నది పెద్దదైనపుడు

ఒక నమూనా కొలతలన్నింటిని రెండింతలు చేసితి మనుకొందము. రెక్కలు తిరుగు వృత్తపు వైశాల్యము నాలుగింత లగును. బరువు మాత్రము ఎనిమిదింత లగును. గాలిలో ఒకేచోట నిలిచియుండుటకు కావలసిన సామర్థ్యమును లెక్కించుటకు బరువుయొక్క ఘనమును వైశాల్యముచే భాగించి వర్గమూలము తీయవలెను. 8 యొక్క ఘనము 512. దానిని 4 చే భాగింపగా 128. దాని వర్గమూలము సుమారు 11.3. అనగా కొలత రెండింతలైన యంత్రమునకు పదునొకండు రెట్లకు మించిన సామర్థ్యము కావలెను! మోటారును రెండింతలు చేసినంత మాత్రమున చాలదని దీనివలన తెలియును.

కనుక మొదట నిర్ణయింపవలసినది మోటారు కాదు. మొత్తము బరువు, రెక్కల వృత్తము. ఉదాహరణకు 10 కిలోల బరువు, 1.8 మీటర్ల వ్యాసము గల వృత్తము తీసికొందము. దాని వైశాల్యము సుమారు 2.5 చదరపు మీటర్లు. ఎక్కువ గాలిని మెల్లగా క్రిందికి పంపుట తక్కువ గాలిని వేగముగా పంపుటకంటె పొదుపు. నాలుగు చిన్న రోటర్ల డ్రోనుకంటె ఒకే పెద్ద రోటరుగల హెలికాప్టరునకు ఉన్న లాభ మిదియే.

రెక్క, దాని బోల్టు

మన నమూనా రోటరు నిమిషమునకు 1500 చుట్లు తిరుగుననుకొందము. రెక్క కొన సెకనుకు సుమారు 141 మీటర్లు, అనగా గంటకు 500 కిలోమీటర్లకు మించిన వేగముతో పోవుచుండును. తాడుకు రాయి కట్టి త్రిప్పినపుడు చేతికి తగులు లాగుడు అందరికి తెలిసినదే. ఇక్కడ రాయి రెక్క. చేయి రెక్క మొదటనున్న బోల్టు. రెక్క బరువు 250 గ్రాములు, దాని గరిమనాభి ఇరుసునకు 45 సెంటీమీటర్ల దూరములో నున్నదనుకొనిన, దానిని వృత్తములో నిలుపుటకు కావలసిన అభికేంద్ర బలము సుమారు 2,770 న్యూటనులు. ఇది 280 కిలోల బరువుతో సమానము. నలుబది కిలోల వేరుసెనగ బస్తాలు ఏడింటిని ఒక చిన్న బోల్టునకు వ్రేలాడదీసినట్లే!

వేగము రెండింతలైన ఈ బలము నాలుగింత లగును. అందుచేత రెక్కలు ఏ వేగమువరకు తగినవని తయారుచేసినవారు చెప్పిరో ఆ హద్దును దాటరాదు. రెక్క కార్బను నారతో చేసినదై యుండవలెను. కొంచెము చీలినను పనికిరాదు. జిగురు పెట్టి అతికించుట ప్రమాదము. బోల్టులు మంచి గట్టి ఉక్కువి కావలెను. సైకిలు అంగడిలో దొరకిన మరను సరిపోయినది గదా యని అక్కడ బిగింపరాదు. అదురునకు మరలు వదులగును గనుక వానిని పట్టి ఉంచు జిగురును వాడవలెను.

రెండు రెక్కల బరువు మాత్రమే కాక, గరిమనాభి స్థానము కూడ ఒకటే కావలెను. దీనిని బడి ప్రయోగశాలలోని త్రాసుతోను, కత్తి అంచువంటి ఆధారముతోను విద్యార్థులే పరీక్షింపగలరు. కొలత తప్పిన రెక్కలజత యంత్రమును వణికించును. ఆ వణుకు బేరింగులను, తీగల అతుకులను దినదినము తినివేయును.

మోటారు, గేర్లు, బ్యాటరీ

మన 10 కిలోల యంత్రము నిలిచియుండుటకు, వేసవిలో మన ప్రాంతపు గాలిలో, సిద్ధాంతరీత్యా సుమారు 420 వాట్లు చాలును. కాని నిజమైన రెక్క గాలి రాపిడిని కూడ ఎదుర్కొనవలెను; అందుచేత 700 వాట్లు కావలెను. తోక రోటరునకు, గేర్లకు మరి 100. మోటారులోను, వేగ నియంత్రకములోను వేడిగా పోవునది కలుపగా బ్యాటరీ ఇవ్వవలసినది సుమారు 950 వాట్లు. ఇది నిలుచుటకు మాత్రమే. పైకి ఎక్కుటకు, గాలి విసురునకు తట్టుకొనుటకు కొన్ని రెట్ల శక్తిగల మోటారు కావలెను.

లిథియం పాలిమరు ఘటము ఒక్కొక్కటి 3.7 వోల్టులు. పండ్రెండింటిని శ్రేణిలో కలుపగా 44.4 వోల్టులు. వోల్టునకు 400 చుట్లు తిరుగు మోటారు భారము మోయుచు నిమిషమునకు 16,000 చుట్లు తిరిగిన, దానిని 1500కు దించుటకు గేరు నిష్పత్తి సుమారు 10.7 కావలెను. మోటారు గేరునకు 10 పండ్లుండిన ప్రధాన గేరునకు 107 పండ్లు. అన్ని లెక్కలు కలిసినపుడే మోటారును కొనవలెను; మోటారును కొని తరువాత లెక్కను దానికి సరిపెట్టుట తలక్రిందుల పని.

5 ఆంపియరు-గంటల బ్యాటరీలో 222 వాటు-గంటల శక్తి యున్నది. పూర్తిగా తోడిన ఘటములు చెడును గనుక ఎనుబది వంతులే వాడవలెను. దానిని 950 వాట్లచే భాగించిన పదునొకండు నిమిషములు వచ్చును. బుద్ధిమంతుడు ఎనిమిదింటికే దింపును.

తోక ఎందుకు?

మోటారు రోటరును ఒకవైపు త్రిప్పిన, యంత్రపు ఒడలు రెండవవైపు తిరుగజూచును. మన లెక్కలో ఈ త్రిప్పుడు సుమారు 4.5 న్యూటను-మీటర్లు. ఇరుసునకు 1.05 మీటర్ల దూరమున నున్న తోక రోటరు 4.3 న్యూటనుల బలముతో దానిని ఆపును. తోక పొడవైన కొలది తక్కువ బలము చాలును. అది రోటరును త్రిప్పు బలముతోపాటు ప్రతి క్షణము మారవలెను గనుక, తిరుగుడును కనిపెట్టి సరిదిద్దు గైరో తప్పనిసరి. తోకకు శక్తిని చేర్చు పట్టీ గాని, కడ్డీ గాని తెగిన యంత్రము బొంగరమగును.

ఆజ్ఞలను మోయు భాగములు

రేడియో ఆజ్ఞను రెక్కకు చేర్చునవి సర్వోలు. అవి స్వాష్ ప్లేటు అను పళ్ళెమును పైకి, క్రిందికి, ప్రక్కకు వంచి రెక్కల వాలును మార్చును. సర్వో బలమును కిలో-సెంటీమీటర్లలో చెప్పుదురు. 20 అనగా ఒక సెంటీమీటరు చేతి చివర 20 కిలోలు. రెండు సెంటీమీటర్ల చేతి చివర 10 కిలోలే. పెద్ద యంత్రమునకు లోహపు పండ్లుగల సర్వోలే తగినవి. ఒక్క సర్వో ఆగినను యంత్రము చేయి దాటును. అందుచేత వానికి విద్యుత్తు ఇచ్చు భాగములో పొదుపు చేయరాదు. సంకేతము తెగినపుడు మోటారు తనంతట తానే ఆగునట్లు కూడ అమర్చవలెను.

పత్తికొండ ఎండ

ఇక్కడ నా తప్పునే చెప్పుదును. కొన్నేండ్ల క్రిందట విద్యార్థులతో కలిసి కట్టిన ఒక నమూనా జనవరి ఉదయమున ఎనిమిది నిమిషములు చక్కగా నిలిచినది. మే నెలలో, వేరుసెనగ కోసిన ఎఱ్ఱనేల చేనిలో, మూడవ నిమిషమున మోటారు ఆగినది. యంత్రము ఛాతీ ఎత్తునుండి పడి, రెక్క విరిగి, ఒక ముక్క ముప్పది అడుగుల దూరమున మట్టిలో గ్రుచ్చుకొన్నది. మేము అంతకంటె వెనుక నుండుటచేత ఎవరికి దెబ్బ తగులలేదు. వేగ నియంత్రకమును అందముకొరకు మూసిన తొడుగులో గాలి ఆడకుండ నేనే పెట్టితిని. అది కాగి, తన్ను తాను కాపాడుకొనుటకు ఆగిపోయినది.

కారణము లెక్కలోనే యున్నది. సముద్రమట్టమున 15 డిగ్రీల గాలి ఘనపు మీటరునకు 1.225 కిలోలు. అర కిలోమీటరు ఎత్తుగల పీఠభూమిపై 40 డిగ్రీల వద్ద అది 1.06 కిలోలే, నూటికి పదమూడు తక్కువ. పలుచని గాలిలో రెక్కకు ఎక్కువ వాలు, మోటారునకు ఎక్కువ విద్యుత్తు కావలెను. చల్లబరచుటకు మాత్రము గాలి తక్కువ. కనుక భాగములను జనవరికి కాదు, మేకు ఎన్నుకొనవలెను. ఎఱ్ఱదుమ్ము దూరని మూసిన బేరింగులు కూడ ఇక్కడ విలాసము కాదు, అవసరము.

ఎగురవేయుటకు ముందు

2021 డ్రోను నియమములలో 2 కిలోలకు మించి 25 కిలోలవరకు గల యంత్రములు ‘చిన్న’ తరగతికి చెందినవి. మన దృష్టిలో పెద్దదైనది చట్టమునకు చిన్నది! వినోదమునకు, చదువునకు నడుపు నమూనా కంటికి కనబడు మేరలోనే ఎగురవలెను. ప్రభుత్వ గగనతల పటములో ఆ చోటు ఆకుపచ్చయో, పసుపో, ఎరుపో ముందుగా చూచుకొనవలెను. మొదటిసారి రెక్కలు లేకయే మోటారును, సర్వోలను పరీక్షింపవలెను. రెక్కలు తిరుగునపుడు వాని తలమునకు ఎదురుగా ఎవరును నిలువరాదు.

ఉపాధ్యాయులు ఈ యంత్రమును కట్టింపకపోయినను, కట్టుటకు వలయు లెక్కను పిల్లలచేత చేయింపగలరు. న్యూటను నియమములు, అభికేంద్ర బలము, గాలి సాంద్రత, ఓము సూత్రము, వీనిలో ఒక్కటియు పాఠ్యపుస్తకమునకు వెలుపలిది కాదు. ఏ భాగము బలహీనమో అదియే యంత్రపు బలము. ఆ భాగమును ఆకాశములో కాక కాగితముపై కనుగొనుటయే మనకు కావలసిన చదువు.