యంత్రమూ, దాని నీడా

ఇంగ్లండును జయించి ఏలిన విలియం రాజు, తన రాజ్యంలో ఎవరికెంత భూమి ఉన్నదో, ఎన్ని నాగళ్లు, ఎన్ని పిండిమరలు ఉన్నవో లెక్క తేల్చవలసినదని ఆజ్ఞాపించగా 1086లో జరిగిన గణనకు డూమ్స్‌డే గ్రంథమని పేరు. గొర్రెతోలు మీద లాటిన్ భాషలో వ్రాసిన ఆ చిట్టా లండన్‌లోని క్యూ ప్రాంతంలో, జాతీయ పురాలేఖ భాండాగారంలో నేటికీ భద్రంగా ఉన్నది. లాటినూ, ఆ కాలపు లిపీ తెలిసినవారు దానిని ఇప్పటికీ చదువుకొనవచ్చును. కన్ను తప్ప వేరొక సాధనం అక్కరలేదు.

సరిగా తొమ్మిది వందల ఏండ్ల తరువాత, 1986లో, బిబిసి సంస్థ రెండవ డూమ్స్‌డేను వెలువరించినది. దేశాన్ని నాలుగు కిలోమీటర్ల పొడవు, మూడు కిలోమీటర్ల వెడల్పు గల ముక్కలుగా విభజించి, ఒక్కొక్క ముక్కను దాపున ఉన్న పాఠశాలకో, ఊరి సంఘానికో అప్పగించినారు. తమ వీధిలో దుకాణాలెన్ని, తమ పొలాలలో పండేదేమి, తాము సాయంత్రాలు ఏమి చేస్తామన్నది పిల్లలు తమ మాటలలోనే వ్రాసినారు, ఛాయాచిత్రాలు తీసినారు. పది లక్షలకు మించిన జనం ఇందులో పాలుపంచుకొన్నారని చెబుతారు. ఒక జాతి తన్ను తాను ఇంత తీరికగా వర్ణించుకొనడం అరుదు. ఇదంతా కాగితం మీదికి ఎక్కలేదు. పన్నెండంగుళాల లేజర్ డిస్కులు రెండింటిలో ఇమిడినది.

ఆ డిస్కులు చదవాలంటే ఏకార్న్ కంపెనీవారి బిబిసి మాస్టర్ అనే కంప్యూటరు ఉండవలెను. దానికి జతగా ఫిలిప్స్ వారు ప్రత్యేకంగా నిర్మించిన లేజర్ యంత్రం ఉండవలెను. అన్నీ కలిసి వెల సుమారు 5,000 పౌండ్లు! ఊరి ముచ్చట్లు వ్రాసి పంపిన బడులే అనేకం దానిని కొనలేకపోయినవి. తీరా 2002 వచ్చేసరికి, పనిచేసే జత దొరకడమే గగనమైనది. తొమ్మిది శతాబ్దాల నాటి తోలుపుస్తకం చదవగలిగిన దేశం, రెండు దశాబ్దాలైనా నిండని డిస్కును చదువలేకపోతున్నదని పత్రికలు పరిహసించినవి. పరిహాసమే అయినా అందులో అబద్ధం లేదు.

ఈ మాస్టర్‌కు అన్న వంటిది 1981లో వచ్చిన బిబిసి మైక్రో. మన దేశంలో 1984లో ‘క్లాస్’ అనే పథకం క్రింద పాఠశాలలకు చేరినది ఈ మైక్రోయే. నల్లని మీటల పైవరుసలో ఎర్రని మీటలూ, మీట నొక్కగానే రెండు స్వరాలతో పలికే ఆ పలకరింపూ నాటి విద్యార్థులు కొందరికి జ్ఞాపకం ఉండవచ్చును.

డూమ్స్‌డేను ఆదుకొన్నది ఎమ్యులేటరు. అనగా పాత యంత్రం వేషం కట్టే ప్రోగ్రాము. పాత ప్రాసెసరు ఏ ఆదేశానికి ఏమి చేసేదో, జ్ఞాపకశక్తిలోని ఏ గడిని ఎట్లు మార్చేదో అదంతా నేటి కంప్యూటరు లెక్కకట్టి చేస్తుంది. పాత ప్రోగ్రాముకు తాను పరాయి ఇంట ఉన్న సంగతి తెలియదు. మన పగటివేషగాడు తహసీల్దారు వేషంలో వస్తే ఊరివారు ఒక్క క్షణం లేచి నిలబడినట్లే ఇదీను. బ్రిటన్‌లోని లీడ్స్, అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు కామిలియాన్ అనే పథకంలో 2002లో డూమ్స్‌డేను ఈ విధంగా సాధారణ కంప్యూటరు మీద నడిపి చూపినారు. అయితే డిస్కులలోని సమాచారాన్ని బయటికి తీయడానికి వారికి ఆధారమైనది బ్రదికి ఉన్న ఒక పాత యంత్రమే. ఈ సంగతిని ఎమ్యులేటరును కీర్తించేవారు తరచు మరచిపోతారు.

వేషం ఎంత ఖచ్చితంగా కుదరవలెనో తెలియడానికి ఒక ఆట ఉదాహరణ చాలును. 1984లో కేంబ్రిడ్జి విద్యార్థులు డేవిడ్ బ్రేబెన్, ఇయన్ బెల్ బిబిసి మైక్రో కొరకు ‘ఎలీట్’ అనే అంతరిక్ష క్రీడను వ్రాసినారు. తెర పైభాగంలో సన్నని గీతలతో నౌకలూ గ్రహాలూ కనబడవలెను. క్రిందిభాగంలో రంగుల కొలతబల్ల ఉండవలెను. ఒకే తెరమీద ఈ రెండు రీతులను చూపే సౌకర్యం ఆ యంత్రంలో లేదు. కనుక వారు గడియారం వంటి ఒక చిప్పును ఆధారం చేసుకొని, చిత్రాన్ని గీసే కిరణం పైనుండి క్రిందికి దిగుతుండగా, సరిగా సరిహద్దు వద్ద, యంత్రం రీతిని మార్చినారు. సెకనుకు 50 మార్లు ఈ మార్పు జరుగుతుంది. ఈ ఆటను అనుకరించే ఎమ్యులేటరు ఏమి జరిగినదని మాత్రమే కాక ఎప్పుడు జరిగినదని కూడా లెక్క పెట్టవలెను. ఆ యంత్రపు నాడి సెకనుకు 20 లక్షల సార్లు కొట్టుకొంటుంది. దొంగప్రతులను అడ్డుకొనడానికి కొన్ని ఆటలు తమ ఆదేశాలను గడియారపు అంకెలతోనే చిక్కుముడి వేసి దాచుకొనేవి. లెక్క ఒక్క అంకె తప్పినా బయటికి వచ్చేది అర్థం లేని అక్షరరాశి.

అసలు యంత్రమే కావలెననేవారి పట్టుదలను నేను వట్టి మోహమని కొట్టివేయను. ఆనాటి చిత్రకారుడు రంగులను ఎంచుకొన్నది గాజుగొట్టపు తెర మెత్తదనాన్ని మనసులో ఉంచుకొని. నేటి పలుచని తెర చుక్కలను నలుచదరాలుగా నిలబెట్టి చూపుతుంది. సెకనుకు 50 చిత్రాలుగా నడిచిన కదలిక 60 చిత్రాల తెరమీద తడబడుతుంది. మీట నొక్కిన క్షణానికీ తెర స్పందించిన క్షణానికీ నడుమ చిన్న ఆలస్యం చొరబడుతుంది. ఇవి చేతికీ కంటికీ తెలిసే తేడాలు.

అయితే యంత్రమా, రోజురోజుకూ క్షీణిస్తున్నది. బిబిసి మైక్రో విద్యుత్ పెట్టెలోని ఒక కెపాసిటరు వయసు మీరి పగిలి, ఇల్లంతా పొగతోనూ దుర్గంధంతోనూ నింపడం ఆ యంత్రం ఉన్నవారందరికీ తెలిసిన కథ. దానిని మార్చవచ్చును. కాని తయారీ నిలిచిపోయిన చిప్పులకు, లేజర్ భాగాలకు మార్పు ఎక్కడిది? అపురూపంగా దాచిన యంత్రాన్ని మీట నొక్కిన ప్రతిసారీ దాని శేషాయుష్షులో కొంత ఖర్చు పెడుతున్నాము.

ఇక నీడ మాత్రం శాశ్వతమా? డూమ్స్‌డే డిస్కులలో ఊళ్ల వివరాలు గలదానిని బిబిసి 2011లో ఇంటర్నెట్‌లో ఉంచినది. అక్కడ ఎమ్యులేటరు లేదు. మాటలనూ బొమ్మలనూ విడదీసి పెట్టినారు. 2018లో ఆ పుట మూతపడి, దాని నకలు మాత్రం క్యూలోని భాండాగారానికి చేరినది. ఎమ్యులేటరు కూడా ఒక ప్రోగ్రామే; తనకు ఆశ్రయమిచ్చిన కంప్యూటరు మారినప్పుడల్లా దానిని తిరగవ్రాసే మనిషి ఉండవలెను.

నా అభిప్రాయంలో ఈ రెంటిలో ఏది మేలన్న ప్రశ్నే సరియైనది కాదు. నిత్యవినియోగపు భారం నీడ మోయవలెను. యంత్రం సాక్షిగా మిగలవలెను. అనుకరణ సరియైనదని ఎవరు చెప్పగలరు, ప్రక్కనే నిలిచి “కాదు, నేనట్లు చేయను” అనగలిగిన అసలు యంత్రం లేనప్పుడు? బ్లెచ్‌లీ పార్కులోని జాతీయ కంప్యూటింగ్ మ్యూజియం డూమ్స్‌డే యంత్రాన్ని నడిచే స్థితిలో నిలబెట్టినది కేవలం సందర్శకుల వినోదానికని నేను అనుకొనను.

ఇటీవలి సంవత్సరాలలో డూమ్స్‌డే86 అనే ఔత్సాహికుల బృందం వేరొక దారి త్రొక్కినది. డిస్కులో ఏమున్నదని యంత్రాన్ని అడుగక, లేజర్ కిరణం డిస్కు మీద చూచిన సంకేతాన్నే ఉన్నదున్నట్లు పట్టి దాచుకొని, దాని అర్థాన్ని తరువాత ప్రోగ్రాముతో తేల్చుకొంటారు. ఒక్కొక్క డిస్కు మీద మచ్చలు ఒక్కొక్కచోట ఉంటవి గనుక, అదే డిస్కు ప్రతులు అనేకం చేర్చి, ఒకదానిలో చెడిన భాగాన్ని మరొకదానితో పూరించే ఉపాయమూ ఉన్నది. తెలుగువారికి ఇది కొత్త విద్య కాదు. పందొమ్మిదవ శతాబ్దంలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ మన కావ్యాల వ్రాతప్రతులను ఎన్నో చోట్ల నుండి తెప్పించి, పండితులను నియమించి, పాఠాలు సరిపోల్పించి, శుద్ధప్రతులు వ్రాయించినాడు. ఒక ప్రతిలో పురుగు తిన్నచోట గ్రంథపాతమైన పద్యపాదం మరొక ప్రతిలో చెక్కుచెదరక దొరికేది. అంతా అయిన తరువాత కూడా ఆయన ఆ పాత ఆకుల కట్టలను పారవేయలేదు.