స్త్రీలు – బలసాధనము

బరువులెత్తుట స్త్రీలకు తగదనువారు నేటికిని గలరు. శ్రీకాకుళము జిల్లాయందు జన్మించిన కరణం మల్లేశ్వరి 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో రెండు విధముల ఎత్తులందును గలిపి 240 కిలోలెత్తి కాంస్యపతకము నందెను. ఒలింపిక్ పతకము గడించిన తొలి భారతస్త్రీ ఆమెయే. అట్టి బలము ఒక్కనాడు వచ్చునది కాదు.

కండరము తనకలవాటైన బరువుకంటె కొంచెము హెచ్చు మోసి, పిదప తగినంత విశ్రాంతి పొందినపుడే బలపడును. అమెరికా సైనికవైద్యుడు థామస్ డిలోర్మ్ గాయపడిన సైనికులకు క్రమముగా బరువు హెచ్చించుచు వ్యాయామము చేయించి, ఆ పద్ధతిని 1945లో ప్రకటించెను.

“ఇంటిపని చాలదా?” యని సోదరీమణులు మమ్మడుగవచ్చును. నిన్న మోసిన బిందెనే నేడును మోయుదుము. అలసట కలుగును గాని బలము హెచ్చదు. ముట్లుడిగిన పిదప ఎముకలు త్వరగా గుల్లబారును. కాళ్ళలో పట్టులేక జారిపడి, తుంటియెముక విరిగి మంచముపట్టు వృద్ధురాండ్రెందరో!

కావున మేము చెప్పునదిది. కదలని కుర్చీనుండి, చేతుల ఊతలేక, మెల్లగా 8 మారులు లేచి కూర్చుండుడు. దినములు గడచి 12 మారులు సులభమైనపుడు, సంచిలో ఒక కిలో బియ్యముంచి రొమ్మున కానించుకొని మరల 8తో నారంభింపుడు. వారమునకు రెండు దినములు చాలును; నడుమ విశ్రాంతి యుండవలెను. నొప్పి కలిగినచో మానవలెను. గర్భిణులును, హృద్రోగులును వైద్యుని యనుమతి పొందవలెను. తొందర వలదు, బరువు కొంచెముగానే హెచ్చింపుడు, సాధన మాత్రము విడువకుడు.