పెండ్లికుమారుని ప్రక్కన నిలిచేవాడు



పెండ్లి ఆరాధనలో పెండ్లికుమారునికి బుద్ధి చెబుతాము, పెండ్లికుమార్తెకు బుద్ధి చెబుతాము. అయితే వారి ప్రక్కన నిలిచేవారిని గూర్చి ఎప్పుడైనా ఆలోచించామా? మన ఊళ్ళలో తోటి పెండ్లికొడుకు, తోటి పెండ్లికూతురు అంటాము. పట్టణ సంఘములలో బెస్ట్ మ్యాన్, బ్రైడ్స్‌మెయిడ్ అంటున్నాము. పేరు ఏదైనా, ఆ స్థానము ఎంత గొప్పదో ఈ దినము ధ్యానించుకుందాము.

మాదాపూర్‌లో సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైంది. అప్పటి నుండి హైటెక్ సిటీకి, గచ్చిబౌలికి, కొండాపూర్‌కు ఎన్నో జిల్లాల నుండి యౌవనస్థులు ఉద్యోగాలకు వచ్చారు. తల్లిదండ్రులు ఊరిలో, పిల్లలు హాస్టల్ గదిలో. జ్వరమొస్తే మాత్ర తెచ్చేది ఎవరు? నైట్ షిఫ్ట్ ముగించుకొని వచ్చేసరికి కాస్త అన్నం మూతపెట్టి ఉంచేది ఎవరు? గదిలోని స్నేహితుడే. అందుకే పెండ్లి కుదిరినప్పుడు, “నా ప్రక్కన నువ్వే నిలబడాలిరా” అని అతణ్ణే అడుగుతారు. మేనమామ కొడుకు కంటే ఆ స్నేహితుడే దగ్గరివాడైపోయాడు.

అడిగిన వెంటనే ఇతడు దేనికి సిద్ధపడతాడు? సూటు రంగుకు, ఫోటోలకు, ముందు రాత్రి పార్టీకి. సూటు వేసుకోవడం తప్పని నేను చెప్పడం లేదు. అయితే పని అంతటితో అయిపోయిందా?

మన దేశములో క్రైస్తవ వివాహాలు 1872వ సంవత్సరపు భారత క్రైస్తవ వివాహ చట్టము క్రింద జరుగుతాయి. పాస్టరుగారు కాక కనీసం ఇద్దరు సాక్షుల యెదుట వివాహము జరగాలని ఆ చట్టము చెబుతుంది. తర్వాత రిజిస్టరులో వధూవరులతోపాటు, పాస్టరుగారితోపాటు, ఆ సాక్షులు కూడా సంతకము చేస్తారు. చాలాసార్లు ఆ కలము అందుకునేది బెస్ట్ మ్యాన్, బ్రైడ్స్‌మెయిడే. ఫోటోగ్రాఫరు “ఇటు చూడండి” అంటాడు, ఇతడు నవ్వుతూ సంతకము పెట్టేస్తాడు. దేనికి పెట్టాడో గమనించడు. వీరిద్దరు ఒకరినొకరు ఒప్పుకొనగా నేను కన్నులారా చూశానని ఆ సంతకమునకు అర్థము. పూలదండలు సాయంత్రానికి వాడిపోతాయి. సంతకము మాత్రము నిలిచి ఉంటుంది. రేపు భార్యకు వీసా కావాలన్నా ఆ వివాహపు ధ్రువపత్రమే చూపాలి.

దేవుని వాక్యములో కూడా వివాహమునకు సాక్షులున్నారు. రూతు గ్రంథము 4వ అధ్యాయములో బోయజు పట్టణపు గవిని యొద్ద పదిమంది పెద్దలను కూర్చుండబెట్టి, రూతును భార్యగా స్వీకరిస్తున్నానని వారి యెదుట చెప్పాడు. చాటున చేయలేదు. న్యాయాధిపతుల గ్రంథము 14వ అధ్యాయములో మరొక పెండ్లి చూస్తాము. సమ్సోను ప్రక్కన ముప్పదిమంది ఉన్నారు. విందు తిన్నారు, పందెం గెలవడానికి పెండ్లికుమార్తెనే బెదిరించారు. చివరకు ఆ కాపురమే నిలువలేదు. ప్రక్కన ముప్పదిమంది ఉన్నా మేలు కోరినవాడు ఒక్కడైనా లేడు! అయితే యోహాను 3:29లో బాప్తిస్మమిచ్చు యోహాను తన్ను పెండ్లికుమారుని స్నేహితునితో పోల్చుకున్నాడు. ఆ స్నేహితుడు ప్రక్కన నిలిచి, పెండ్లికుమారుని స్వరము విని సంతోషిస్తాడు. పెండ్లి తనది కాదని అతనికి తెలుసు.

ఇట్టి స్నేహితుడు చేయవలసినవి మూడు సంగతులున్నాయి.

మొదటిది, పెండ్లికి ముందు సత్యము చెప్పాలి. వెయ్యి అబద్ధాలాడి అయినా ఒక పెండ్లి చేయమన్నారని మన పెద్దలంటారు. సాక్షిగా నిలిచేవాడు ఈ సామెతను ప్రక్కన పెట్టాలి. ఇలా అనుకోండి. పెండ్లి ఇంకా పద్దెనిమిది రోజులుంది. సంఘములో వివాహ ప్రకటన రెండు ఆదివారాలు చదివారు. ఒక సాయంకాలము వరుడు గదికి వచ్చి తలుపు వేసుకొని, “ఉద్యోగం పోయిందిరా. వాళ్ళింట్లో చెప్పకు. పెండ్లయ్యేలోగా ఇంకొకటి దొరుకుతుందిలే” అన్నాడు. ఆ సంగతి తెలిసినవాడు ఈ స్నేహితుడొక్కడే. ఏమి చేయాలి?

వెంటనే ఆ అమ్మాయి తండ్రికి ఫోను చేయడము తొందరపాటు. మనకెందుకులే అని ఊరుకోవడము ద్రోహము. వరుని ప్రక్కన కూర్చుని, “నువ్వే చెప్పు. నీకు తోడుగా నేను వస్తాను. చెప్పకుండా పెండ్లి చేసుకుంటే నేను ఆ రిజిస్టరులో సంతకం పెట్టలేనురా” అనాలి. చట్టము సాక్షిని, నీవు చూశావా అని మాత్రమే అడుగుతుంది. మనస్సాక్షి అయితే, నీకేమి తెలుసు అని కూడా అడుగుతుంది.

“అయ్యగారూ, పెండ్లి ఆగిపోతే?” అంటారేమో. ఆగిపోవచ్చు. స్నేహితుడు కొన్నాళ్ళు మాట్లాడకపోవచ్చు కూడా. మేలుకోరే స్నేహితుడు చేసే గాయము నమ్మదగినదని సామెతలు 27:6 మనకు నేర్పుతుంది. ఉద్యోగము పోవడము పాపము కాదు. దానిని దాచి ఒక ఆడపిల్ల చేయి పట్టుకోవడమే పాపము. నిజము తెలిసి ఆమె “సరే” అంటే, ఆ కాపురమునకు బండ మీద పునాది పడినట్టే.

రెండవది, పెండ్లి దినమున పరిచర్య చేయాలి. ఉంగరాలు, మంగళసూత్రము ఎవరి జేబులో ఉన్నాయి? ఊరి నుండి రాత్రి బస్సులో వచ్చిన వరుని తల్లి కాఫీ త్రాగిందా? అదే చట్టములో మరొక నియమముంది. కొన్ని మినహాయింపులు తప్ప, వివాహము ఉదయము 6 గంటల నుండి సాయంత్రము 7 గంటల లోపలనే జరగాలి. ఆఫీసులు వదిలే వేళ గచ్చిబౌలి రోడ్డు మీద కారు చిక్కుకుంటే ఏమవుతుందో మీకు తెలుసు. గనుక రెండు గంటలు ముందు బయలుదేరదీయడము కూడా పరిచర్యే. ముందు రాత్రి త్రాగుడు విందులు పెట్టి, ప్రమాణము చేయవలసినవాణ్ణి ఎర్రబడిన కళ్ళతో బలిపీఠము యొద్దకు నడిపించేవాడు స్నేహితుడు కాడు. కానా పెండ్లిలో ద్రాక్షారసము అయిపోయినప్పుడు బానలు నింపిన పరిచారకుల పేర్లు ఎవరికీ తెలియవు. అయినా జరిగిన అద్భుతము వారికి తెలుసు.

మూడవది, పెండ్లి తర్వాత ప్రక్కకు జరగాలి. రాత్రి పదకొండింటికి “రారా, టీ త్రాగుదాం” అనే పాత చనువు ఇక తగదు. అతని సాయంకాలములు ఇప్పుడు మరొకరివి. అయితే ఏదో ఒక దినము ఆ ఇంట గొడవ జరిగి, అతడు నీ గది తలుపు తట్టవచ్చు. అతని పక్షము వహించి ఆమెను నిందించవద్దు. ఆ రిజిస్టరులో నీ సంతకము ఇద్దరికీ సాక్ష్యము. టీ ఇచ్చి, మాట విని, ఇంటి దాకా దిగబెట్టి రా.

ప్రియులారా, ఇంకొక మాట. స్నేహితుని పెండ్లి చేసి తిరిగి వచ్చినవాని గదిలో ఒక మంచము ఖాళీగా ఉంటుంది. ఆ రాత్రి అతనికి భోజనము రుచించదు. సంఘములోని కుటుంబములారా, అటువంటి యౌవనస్థుడు మీ ప్రక్క వరుసలో కూర్చుంటున్నాడేమో చూడండి. ఈ ఆదివారము ఆరాధన తర్వాత అతణ్ణి మీ ఇంటికి భోజనమునకు పిలవండి.

ప్రార్థన చేసుకుందాము. ప్రేమగల తండ్రీ, స్నేహితుల ప్రక్కన నిలిచే మా బిడ్డలకు సత్యము పలికే ధైర్యమును, సమయము వచ్చినప్పుడు ప్రక్కకు జరిగే వినయమును దయచేయుము. ఒంటరిగా మిగిలినవారికి నీవే తోడుగా ఉండుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.