ప్రతి ఆదివారం ఒక పువ్వు

"తాగే నీళ్లకే ఇబ్బంది పడే చోట పూలమొక్కలకు నీళ్లెక్కడివి?" అని మన స్త్రీల కూటాల్లో అడుగుతూంటారు. న్యాయమైన ప్రశ్నే. 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన చెన్నేకొత్తపల్లి, అంతకుముందు అనంతపురం జిల్లాలోనిది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే ఆధారమైన కరువు సీమ ఇది. అయినా దేవుని మందిరపు బల్ల మీద ఏ ఆదివారమూ పువ్వు లేకుండా ఉండనక్కరలేదని మా నమ్మకం. కావలసింది ఎక్కువ నీళ్లు కాదు, ముందుచూపు.

ఋతువులు తప్పిపోవని దేవుడు నోవహు కాలంలో సెలవిచ్చాడు (ఆదికాండము 8:22). కనుక ఏ కాలపు పువ్వును ఆ కాలానికి ముందే నాటుకుందాం.

జూన్‌లో తొలకరి పడగానే బంతి నారు పోయాలి. నాలుగు వారాల నారు నాటి, కుదురుకున్నాక తల తుంచితే పక్క కొమ్మలు వస్తాయి. వేరుశనగ పీకే రోజులకు కృతజ్ఞతార్పణతో పాటు బంతిపూలూ మందిరానికి తేవచ్చు. చేమంతి పిలకలనూ జూన్, జూలైల్లోనే నాటాలి. రాత్రులు పొడుగయ్యేకొద్దీ అది మొగ్గ వేస్తుంది. క్రిస్మస్‌కు, కొత్త సంవత్సరపు ఆరాధనకు పూస్తుంది.

మల్లె పొదకు నవంబరు చివర నీళ్లు ఆపి, కొమ్మలు కత్తిరించి, పశువుల ఎరువు వేసి మళ్లీ తడపాలి. మార్చి నుండి వేసవంతా పూస్తుంది. ఈస్టర్ పండుగ ఎప్పుడూ మార్చి 22కూ ఏప్రిల్ 25కూ మధ్యనే వస్తుంది గనుక ఆ తెల్లవారుజామున మన ఇంటి మల్లెలే ఉంటాయి. వానకాలానికి ఒక జాజి తీగ చాలు. మధ్యలో వెలితి రాకుండా కనకాంబరం, నందివర్ధనం, బిళ్లగన్నేరు ఉంచుకోవాలి. బిళ్లగన్నేరు ఎండకు ఓర్చుకుంటుంది. అయితే గన్నేరు విషం. పిల్లలూ పశువులూ తిరిగే చోట వద్దు.

ఇక నీళ్ల సంగతి. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు పారబోయక పాదుల్లో పోద్దాం. సాయంత్రం పోస్తే త్వరగా ఆరవు. పాదు మీద వేరుశనగ తొక్కలో, ఎండుటాకులో పరిస్తే తేమ నిలుస్తుంది. వానలు తప్పిన ఏట బంతి, చేమంతి మానుకుని, వేరూనిన పొదలను మాత్రం కాపాడుకుందాం. ముందు మనుషులు, తర్వాత పశువులు, ఆ తర్వాతే పూలు. దాహంతో ఉన్న పొరుగువారికి ఇవ్వని కడవను పువ్వులకు పోస్తే ఆ పువ్వు అర్పణ కాదు.

అడవి పువ్వులను చూడుమని మన ప్రభువు కొండమీది ప్రసంగంలో చెప్పాడు (మత్తయి 6:28). ఈ తొలకరికి సండేస్కూలు పిల్లలకు ఒక్కొక్క పాదు అప్పగించండి. తమ చేతులతో తడిపిన మొక్క పూసిన రోజున ఆ మాట వారికి మనం వివరించనక్కరలేదు.